ఎక్స్‌ఆర్గ్ కొత్తదైంది, తెర నల్లబడింది

2023 మే నెల. విశాఖలో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయే రోజులు. ఎంవీపీ కాలనీలోని మా మేడగదిలో పాత ల్యాప్‌టాప్‌లోని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 13.1 నుంచి 13.2కు మార్చి, అదే ఊపులో, తెర మీద బొమ్మలూ విండోలూ చూపించే ఎక్స్‌ఆర్గ్ ప్యాకేజీలన్నీ కొత్తవి వేశాను. రీబూట్ చేస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే.

ముందు నా పాత కాన్ఫిగరేషన్ ఫైలును అనుమానించి పక్కకు నెట్టాను. పాపం, దాని తప్పేమీ లేదు. బూట్ సందేశాలు మొదటి నుంచి చదివితే, ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915కేఎంఎస్ మాడ్యూలుకూ, సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌కూ వెర్షన్ కుదరలేదన్న వాక్యం కనిపించింది. దొంగ దొరికాడు! సిద్ధంగా దొరికే ప్యాకేజీలను అప్పట్లో, ఇంకా మద్దతున్న పాత విడుదల మీద తయారుచేసేవారు. మామూలు ప్రోగ్రాములకు అది చాలు. కెర్నల్ మాడ్యూలుకు చాలదు.

అందుకే ఆ మాడ్యూలు ఉండే డీఆర్ఎం-510-కేమాడ్ ప్యాకేజీని, సోర్స్ నుంచి ప్రోగ్రాములు కట్టుకునే పోర్ట్స్ ద్వారా నేనే కంపైల్ చేయబోయాను. వెంటనే ఆగిపోయింది. కెర్నల్ సోర్స్ ఉండాల్సిన డైరెక్టరీ ఖాళీ! 13.2 సోర్స్ దించుకుని మళ్లీ మొదలుపెడితే ల్యాప్‌టాప్ అడుగు దోసె పెనంలా కాలింది. ఈసారి మాడ్యూలు గొణగకుండా లోడయింది. ఎక్స్‌ఆర్గ్‌ను మొదలుపెట్టే స్టార్ట్ఎక్స్ ఆదేశం కొట్టగానే రామకృష్ణా బీచ్ ఫొటో తెర నిండా పరుచుకుంది.