గుండె దడ వచ్చినప్పుడు ఏం చేయాలి? నాడి పట్టి లెక్కపెట్టే పద్ధతి

కర్నూల్లో ఈసీజీ గదిలో ఇరవై ఏళ్లు దాటింది నా ఉద్యోగం. రోజుకు ఒక్కరైనా అనే మాట ఇది: "ఇంతసేపూ దడదడ కొట్టుకుంటాన్యాదన్నా, ఆటో దిగేతలికి నిలిచిపాయ." పది తీగలు తగిలించి, గుండె కొట్టుకునే తీరు గీతలుగా పడే ఈసీజీ పట్టీ తీస్తే అంతా నార్మల్. ఇంటికి పోయి "ఏమీ లేదంట" అని అందరికీ చెప్పుకుంటారు. ఏమీ లేదని ఎవరన్నారు? ఆ పది సెకన్లలో ఏమీ దొరకలేదు, అంతే. మామూలు ఈసీజీ చూసేది పది సెకన్లే. రోజుకు 86,400 సెకన్లు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. దడ వచ్చిన నిమిషంలో మిషను మీ పక్కన ఉండదు, మీ చేతివేళ్లు ఉంటాయి. అందుకే నాడి పట్టడం నేర్చుకోమని చెప్తాను.

నేను డాక్టరును కాను. జబ్బు తేల్చేది వాళ్లు. వాళ్లకు పనికొచ్చే సమాచారం పట్టుకుపోవడం మీ వంతు.

1. లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చేయాల్సినవి

దడతో పాటు ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ ఉన్నా, ఊపిరాడకున్నా, చల్లచెమటలు పోస్తున్నా, స్పృహ తప్పినా, తప్పేలా ఉన్నా నాడి గీడి పక్కన పెట్టండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా అంతే. వెంటనే 108. మనిషిని బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకురావద్దు. దోవలో స్పృహ తప్పితే ముగ్గురూ పడతారు. దడ వచ్చిన మనిషి తానే బండి నడపడం ఇంకా తప్పు.

ఇక్కడ మనవాళ్లు చేసే పని ఒకటుంది. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, అరగంట చూస్తారు. గ్యాసే కావచ్చు. కానీ అది గ్యాసని తేల్చాల్సింది ఈసీజీ తీశాక, సోడా తాగాక కాదు.

పరుగెత్తేటప్పుడో బరువు మోసేటప్పుడో దడ వచ్చి కళ్లు తిరిగినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉన్నా, గుండెజబ్బు ముందే ఉన్నా, గర్భిణి అయినా దడ ఆగిపోయిందని ఊరుకోకూడదు. ఆ రోజే చూపించుకోవాలి.

2. కూర్చోండి

కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. సెకన్ల ముల్లున్న గోడగడియారం, పెన్సిలు, కాగితం చాలు. ఫోన్‌లో టైమరు వద్దు. లెక్క మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

3. నాడి పట్టడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పదిమందిలో తొమ్మిదిమంది బొటనవేలితో పడతారు. బొటనవేలిలో దాని సొంత నాడి బాగా కొడుతుంది. మీరు లెక్కపెట్టేది ఎదుటి మనిషిదో మీదో తెలియకుండా పోతుంది. ఇంట్లో ముసలాయనకు దడ వస్తే కొడుకు కంగారుగా బొటనవేలు పెట్టి "నూటిరవై ఉంది" అంటాడు. ఆ నూటిరవై కొడుకుదే కావచ్చు.

ఎడమ అరచెయ్యి పైకి తిప్పి తొడ మీద పెట్టండి. కుడిచేతి చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ మణికట్టు దగ్గర బొటనవేలి వైపున్న పల్లంలో ఆనించండి. ఎముకకూ నరంలా గట్టిగా తగిలే దానికీ నడుమ ఉంటుంది ఆ పల్లం. కుడిచెయ్యి చూసినా తప్పు లేదు గానీ, నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఎడమచెయ్యే చూడాలి. ఎప్పుడూ ఒకే చెయ్యి చూస్తేనే వేలికి అలవాటు పడుతుంది.

ఇక ఒత్తిడి. గట్టిగా నొక్కితే రక్తనాళం మూసుకుపోయి నాడి మాయమవుతుంది. "నాడి అందట్లేదు" అని ఇల్లంతా ఏడుపు మొదలయ్యేది ఇలాగే. మరీ తేలిగ్గా పెడితే ఏమీ తెలియదు. ముందు కొంచెం నొక్కి, మెల్లగా వదులుతూ రండి. వేలికింద టక్కుమని తగిలిన చోట ఆగండి. మామిడిపండు మాగిందో లేదో చూసేటప్పుడు ఎంత నొక్కుతారో, అంతే.

ఇక నిండు నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే పద్ధతి చాలామంది నేర్పుతారు. నాడి సమంగా ఉన్నప్పుడు అది చెల్లుతుంది. తాళం తప్పి కొడుతుంటే చెల్లదు, పైగా ఒక్కటి తప్పు లెక్కపెడితే నాలుగు తేడా వస్తుంది. అరవై సెకన్లు కూర్చోలేని మనిషికి ఇంకేం పనులున్నాయో నాకు తెలియదు.

మణికట్టు దగ్గర దొరకకపోతే మెడ దగ్గర చూడొచ్చు. గొంతు పక్కన ఒక వైపే, మెత్తగా. రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు, రుద్దకూడదు. మెడ నరం రుద్దితే దడ ఆగుతుందని ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చేవాళ్లున్నారు. అది డాక్టరు ఈసీజీ మిషను పెట్టుకుని చేసే పని. పెద్దవయసు వాళ్ల మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉంటే, రుద్దినప్పుడు ముక్క ఊడి మెదడుకు పోవచ్చు. ఊపిరి బిగబట్టి ముక్కే పద్ధతి కూడా అంతే. మీ దడ ఏ రకమో ఈసీజీలో తేలి, డాక్టరు దగ్గరుండి నేర్పితేనే చేయండి.

ఇదంతా ఎందుకు, వాచీ పెట్టుకుంటే చాలదా అంటారు. ఆక్సిమీటరూ వాచీ అంకె చూపిస్తాయి, కాదనను. ఈసీజీ తీసే వాచీ ఉంటే ఆ పట్టీ దాచుకోండి, డాక్టరుకు పనికొస్తుంది. కానీ తాళం బాగా తప్పినప్పుడు అంకె ఇటూ అటూ ఎగురుతుంది, దాన్ని చూసి మనిషికి ఇంకో పది పెరుగుతుంది. అంకె ఒక్కటే చాలదు. తాళం కావాలి, అది వేలికే బాగా తెలుస్తుంది.

4. తాళం గుర్తుపెట్టుకోవడం

ఆదోని వైపు నుంచి ఒక అమ్మ వచ్చింది. మూడుసార్లు ఈసీజీ తీసినా నార్మలే. "ఎట్లా కొట్టుకునిందో ఈ బల్ల మీద వేలితో కొట్టి చూపించమ్మా" అన్నాను. టక్, టక్, టక్ అని కొట్టి, వేలు గాల్లో ఆపి, ఢక్కని ఒక్కటేసింది. డాక్టరు దానికి తలూపి 24 గంటల హోల్టర్ రాశారు, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ మిషను. అందులో దొరికింది: మధ్యలో ముందుగా పడే అదనపు దెబ్బలు. అలాంటి దెబ్బ పడ్డాక గుండె కాసేపు ఆగుతుంది, ఆ సందులో రక్తం ఎక్కువ నిండుతుంది, తర్వాతి దెబ్బ బలంగా తగులుతుంది. "గుండె జారినట్టయింది" అనేది దాన్నే. గుండె బాగున్నవాళ్లలో ఇది ఎక్కువసార్లు ప్రమాదం కాదు.

రెండో రకం మీట నొక్కినట్టు మొదలై, మీట నొక్కినట్టే ఆగుతుంది. నాడి సమంగానే ఉంటుంది గానీ నిమిషానికి 150 దాటి పరుగెడుతుంది. ఇదైతే మొదలైన క్షణం మనిషి చెప్పగలడు: "చెంబు కిందపెట్టి లేస్తానే పట్టుకునింది." మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే దడ వేరు. భయం, జ్వరం, ఒళ్లు ఎండిపోవడం దాని వెనక ఉంటాయి. మన ఎండల్లో నీళ్లు తాగకుండా చేలో పనిచేసి వచ్చినవాళ్లకు ఎక్కువగా ఇదే.

మూడోది అసలు తాళమే లేనిది. ఒకటి దగ్గర, ఒకటి దూరం, ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా. ఇలాంటప్పుడు కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావు. చేతిదగ్గర 90 దొరికినా ఛాతీ మీద చెవి పెట్టి వింటే 120 ఉండొచ్చు. ఇందులో గుండె పైగదులు సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డకట్టి, మెదడుకు పోతే పక్షవాతం. అందుకే దడ తగ్గినా దీన్ని వదలకూడదు. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవాళ్లకు వయసు చిన్నదైనా ఇది రావచ్చు.

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు. కూర్చున్నా 120 దాటి తగ్గకపోతే, లేదా 50 లోపు ఉండి కళ్లు తిరుగుతుంటే ఆస్పత్రికి పోండి.

5. రాసుకోండి

తేదీ, టైము, అంకె, తాళం, ఎంతసేపు, అప్పుడేం చేస్తున్నారు. దాని పక్కనే ఆ రోజు తాగిన టీలు, గుట్కా, మద్యం, జలుబు మాత్ర, ఆయాసానికి పీల్చిన మందు. ఇవన్నీ గుండెను పరుగెత్తించగలవు. జలుబు మాత్ర సంగతి అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

6. దడ ఉండగానే ఈసీజీ

మీకు దగ్గర్లో ఈసీజీ తీసేది ఎక్కడో, రాత్రి తీస్తారో లేదో ముందే కనుక్కోండి. దడ మొదలయ్యాక వెతకొద్దు. మా ఊళ్లోనే ఒకచోట దడతో వచ్చిన కుర్రాడికి గ్లూకోజు ఎక్కించి పంపారు, ఈసీజీ తీయలేదు. వారానికి మళ్లీ వచ్చాడు, అప్పుడు దొరికింది. అడగండి: "ముందు ఈసీజీ తీయండి సార్" అని. కర్నూలు, అనంతపురం సర్వజనాసుపత్రులు, కడప రిమ్స్ ఉన్నాయి. గుండె ఆపరేషన్ల దాకా పోవాల్సి వస్తే పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిలో ఉచితంగా చేస్తారు.

రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు రాస్తే "గుండెకు వచ్చి రక్తం ఇమ్మంటారేంది" అని గొణగొద్దు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడే మొదటి గుర్తు కావచ్చు. ఆడవాళ్లలో మరీ.

ఈసీజీ కాగితం వేడితో అచ్చయ్యేది. కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించుకొచ్చేవాళ్లున్నారు, ఆ వేడికి కాగితమంతా నల్లగా మాడిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించి రాసుకున్న చీటీతో కలిపి పిన్ను కొట్టండి.