వీధి తలుపు అడుగు అంచు చూశారా?

వానాకాలంలో వీధి తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తోందా? వెంటనే చిత్రిక పట్టించకండి, ఎండాకాలం వచ్చేసరికి సందు మిగులుతుంది. అసలు లోపం చాలాసార్లు అడుగు అంచులోనే. ముందువైపు ఎంత పాలిష్ వేసినా అక్కడ పచ్చి చెక్కే వదిలేస్తారు. నిలువు చెక్కల కొసలు నీటిని వత్తిలా పీల్చేస్తాయి.

వారం రోజులు బాగా ఎండలు కాశాక, పొద్దున్నే తలుపును బందుల నుంచి ఊడదీయండి. ఇద్దరు పట్టాలి, టేకు తలుపు చాలా బరువు. మెత్తబడిన భాగాన్ని గట్టి చెక్క తగిలేదాకా ఉలితో తీసేసి, రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పూడ్చండి. మామూలు తెల్ల జిగురు తడికి నిలవదు. గట్టిపడ్డాక 80, 120, 180 నంబరు సాండ్‌పేపర్లతో వరసగా, చెక్క చారల వెంటే రుద్దండి. బయటి తలుపులకు పనికొచ్చే పీయూ (పాలీయురేథేన్) వార్నిష్‌ను ముందు ఆ అడుగు అంచుకే రెండు పూతలు వెయ్యండి.