ఆసుపత్రి సాయానికి ముందు ఇల్లు చూసి రావడం ఎలా

మన ట్రస్టు నుంచి రోగికి డబ్బు సాయం చేసే ముందు, అడ్మిట్ అయిన రెండు మూడు రోజుల్లోనే వాళ్ల ఇల్లు చూసి రావాలి. వారం దాటిందంటే మెడలోని సరుడు తాకట్టుకు, పాకలోని బర్రె సంతకు పోతాయి. ఆ తర్వాత మనమిచ్చే పదివేలు వడ్డీకే సరిపోతాయి.

బయల్దేరే ముందే రైస్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పనులు చూసే వైద్య మిత్రను కలవండి. ఆ చికిత్స ఆ పథకంలో, అంటే ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందంటే మనం చూడాల్సింది దారి ఖర్చులు, తిండి, పోయిన కూలి. రాదంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టించండి. దానికి ఒరిజినల్ బిల్లులు కావాలి కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయొద్దని మొదటిరోజే చెప్పాలి. ఇంటికి వస్తామని రోగికి చెప్పి, సరేనన్నాకే వెళ్లండి.

ఇద్దరు వెళ్తే చాలు, అందులో ఒకరు ఆడవాళ్లయితే మంచిది. ట్రస్టు పేరు రాసిన బండిని వీధి మొదట్లోనే ఆపండి. ఇరుగుపొరుగును ఆరా తీయొద్దు. టీబీ, హెచ్‌ఐవీ ఉన్న ఇంటికి మన సాయం కన్నా మన ఆరా వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

"నెలకెంత వస్తుంది?" అంటే సరైన జవాబు రాదు. అబద్ధం చెప్పాలని కాదు, ఇక్కడ చాలామందికి డబ్బు నెలనెలా రాదు. ప్రకాశం జిల్లా కొండపి వైపు పొగాకు రైతు చేతిలో వేలం నెలల్లోనే డబ్బు ఆడుతుంది, అందులోంచే బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) అప్పు, కౌలు తీరాలి. కూలికి పోయేవాళ్లనైతే "పోయిన నెల ఎన్ని రోజులు పనికి పోయావమ్మా? రోజుకెంత ఇచ్చారు?" అని అడగండి. నాట్లు, కోతలు, పనుల్లేని నెలలు విడివిడిగా రాసి, మొత్తాన్ని 12తో భాగించండి.

కంటికి కనపడేదాన్ని అంత తేలిగ్గా నమ్మొద్దు. స్లాబు ఇల్లు ప్రభుత్వ కాలనీది కావచ్చు, బైకు ఫైనాన్సుది కావచ్చు. పాసుపుస్తకంలో రెండెకరాలుంటే అన్నదమ్ముల వాటా తేలిందా అని అడగాలి. బంగారం ఉందంటే బ్యాంకు తాకట్టు రసీదు చూడాలి. రైస్ కార్డు లేనంత మాత్రాన కలిగినవాళ్లని రాసేయకండి. అదే కార్డులోని కొడుకు ఆదాయపు పన్ను కట్టినా, కారు కొన్నా, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటినా కార్డు పోతుంది. ఆ కొడుకు తల్లికి రూపాయైనా పంపుతున్నాడా అన్నదే మనకు కావలసింది.

1895లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్లో మేరీ స్టూవర్ట్‌ను ఈ పనికి పెట్టినప్పుడు, స్తోమత ఉన్నవాళ్లు ఉచిత వైద్యం వాడుకోకుండా చూడడం ఆమెకు అప్పజెప్పిన ముఖ్యమైన పని. ఆసుపత్రి సోషల్ వర్క్‌కు మొదలు అదే. మన దగ్గర మాత్రం దొంగల్ని పట్టడం కన్నా, వార్డులో కనపడనిది ఇంట్లో చూడడమే ముఖ్యం.

ముందు మాత్రల డబ్బా తెరిపించండి. రోజుకు రెండు వేసుకోవాల్సిన షుగర్ మాత్రలు, 10 ఉన్న స్ట్రిప్పు ఐదు రోజుల్లో అయిపోవాలి. బిల్లు మీద తేదీ పడి ఏడు రోజులైనా ఇంకా మూడు మిగిలి ఉంటే, డబ్బుల్లేక ఒక్కటే వేసుకుంటున్నారేమో మెల్లగా అడగండి. ఇన్సులిన్ ఉండి ఫ్రిజ్ లేకపోతే ఎక్కడ పెడుతున్నారో చూడండి. నీళ్లు దూరకుండా కవర్లో చుట్టి మట్టికుండలో పెడితే ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. కాలు విరిగినవాళ్ల ఇంట్లోనైతే మరుగుదొడ్డి ఎంత దూరం, ఎన్ని మెట్లు అన్నది రాసుకోండి.

డయాలసిస్ కేసుల్లో లెక్క మరీ జాగ్రత్తగా కట్టాలి. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ రోగులు ఎక్కువ. వారానికి మూడుసార్లంటే నెలకు 13 ప్రయాణాలు. తోడొచ్చేవాళ్లతో కలిపి రానూపోనూ 300 అనుకుంటే 3,900. తోడొచ్చినవాళ్ల కూలి రోజుకు 400 చొప్పున పోతే 5,200. వైద్యం ఉచితమైనా నెలకు 9,100 దెబ్బ. అందుకే ముందు డయాలసిస్ పింఛను వస్తోందా, ఇంకా దగ్గరి సెంటర్లో చోటుందా అని కనుక్కోండి. దూరం సగానికి తగ్గితే అదే పెద్ద సాయం.

రిపోర్టు ఒక పేజీ దాటనవసరం లేదు. తిండి తినేవాళ్లెందరు, సంపాదించేవాళ్లెందరు, అప్పు ఎవరి దగ్గర ఎంత, ఏ ఖర్చుకు ఎన్ని నెలలు ఇవ్వాలి అన్నవి ఉంటే చాలు. మందుల డబ్బు షాపుకే కట్టండి, బస్సు ఛార్జీలు మాత్రం చేతికివ్వండి. నెల తిరిగాక మళ్లీ వెళ్లి మాత్రల డబ్బా చూడండి.