గుట్టల్లో టోపో సర్వేకు వెళ్లే ముందు

ఆకు రాలే కాలం వచ్చేస్తోంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లాంటి ఇసుకరాతి గుట్టల్లో టోపో సర్వేకు, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచి మ్యాపు గీసే పనికి, దిగేవాళ్లు ఇవి చూసుకోండి.

– ఎత్తు దేని నుంచి లెక్కో ముందే తేల్చుకోండి. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే లెక్క కోసం భూమికి ఊహించుకున్న నున్నటి ఆకారం నుంచి ఎత్తు. మన వైపు అది సముద్రమట్టం లెక్కకన్నా దాదాపు 70 మీటర్లు తక్కువ వస్తుంది. రెండూ ఒకే షీటులో కలిశాయా, కాంటూర్లన్నీ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మళ్లీ గీయాల్సిందే.

– బేస్ యాంటెన్నా (ఒకేచోట కదలకుండా నిలిపే జీపీఎస్ యాంటెన్నా) ఎత్తు ఏటవాలుగా కొలిచారా, నిలువుగానా? పక్కనే రాయండి. వట్టి "1.52" అని ఉన్న ఫీల్డ్ బుక్ ఆఫీసులో ఎవరికీ పనికిరాదు.

– ఇరుకు లోయల్లో ఉపగ్రహాలు సగమే అందుతాయి, సిగ్నల్ బండలకు తగిలి వస్తుంది. స్క్రీన్ మీద ఫిక్స్ (స్థానం కచ్చితంగా దొరికింది) అని చూపినా నమ్మొద్దు. పైన తెరిపిగా ఉన్నచోట రెండు పాయింట్లు పెట్టుకుని, లోపలికి, కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్‌తో దిగండి. టైమ్ పడుతుంది, తప్పదు.

– పాత టోపోషీట్లు (ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) స్థానాల లెక్కకు పాత ఆధారమైన ఎవరెస్ట్ డేటమ్‌వి. మార్చకుండా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 మీద వేస్తే వాగు గుట్టెక్కుతుంది.

– డ్రోన్‌కు అటవీశాఖ అనుమతి ఎలాగూ కావాలి. చరియల కింద తేనెపట్లు ఉన్నాయేమో కూడా బైనాక్యులర్‌తో చూడండి. పెద్ద తేనెటీగలు లేస్తే, బండ మీద ఉన్నవాళ్లకు పరిగెత్తే చోటుండదు.