ఎంఈటీ చేయడం ఎలా? తొడ వెనక కండరంతో మొదలుపెట్టండి

మజిల్ ఎనర్జీ టెక్నిక్ (ఎంఈటీ) పేరు పెద్దది, పని చిన్నది. బిగుసుకున్న కండరాన్ని మనం లాగం. పేషెంట్‌నే కొద్దిగా బిగించమంటాం, కదలకుండా అడ్డుపడతాం, ఆయన వదిలేశాక దొరికిన కాస్త వెసులుబాటు తీసుకుంటాం. అంతే. అమెరికాలో ఫ్రెడ్ మిచెల్ సీనియర్ అనే ఆస్టియోపతి (చేతులతో ఎముకలు, కండరాలు సరిచేసే పద్ధతి) వైద్యుడు పోయిన శతాబ్దం మధ్యలో దీన్నొక పద్ధతిగా కూర్చాడు. తర్వాత ప్రాగ్‌లో కారెల్ లెవిట్ తక్కువ బలంతో చేస్తూ కండరాల నొప్పులకు వాడాడు. ఆ ఇద్దరి పని చదివి మన క్లినిక్కుల్లో జరిగేది చూస్తే, ఇది వైద్యమో కుస్తీయో అర్థం కాదు. పేషెంట్ తంతున్నాడు, థెరపిస్ట్ తోస్తున్నాడు, ఇద్దరికీ చెమటలు.

ఇది ఫిజియోథెరపీ చదువుతున్నవాళ్ల కోసం, చదివేసి తప్పుగా చేస్తున్నవాళ్ల కోసం. మిగతావాళ్లు చదవండి, తప్పులేదు. ఇంట్లో అత్తగారి నడుం మీద మాత్రం ప్రయోగం చేయకండి.

కావలసినవి: కదలని బల్ల, గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే సాధనం), గోళ్లు తీసిన చేతులు. పేషెంట్ జీన్స్ వేసుకొస్తే నేను చెయ్యను. లుంగీయో, వదులు పైజామానో ఇస్తాను. బల్ల ఎత్తు మీ తొడ సగానికి రావాలి. ఉంగరం తీసేయండి.

ముందు ఎవరికి చేయకూడదో తేల్చుకోండి. ఈ మధ్యే కండరం చిరిగినవాళ్లు, ఎముక విరిగినవాళ్లు, పిక్క వాచి వేడిగా ఉన్నవాళ్లు (రక్తం గడ్డకట్టిందేమో డాక్టర్ చూడాలి), ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు పక్కన. ఇంకొకటి: కాలు లేపినప్పుడు లాగుతోందంటే అది కండరమే కానక్కర్లేదు. లాగుతున్న చోట ఆపి పాదాన్ని పైకి వంచండి. నొప్పి జివ్వున పిక్కలోకో పాదంలోకో దిగితే నరాన్ని అనుమానించాలి. సయాటికాని (కాలిలోకి దిగే నరం నొప్పి) హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) అనుకుని వారం రోజులు సాగదీసిన కేసులు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టండి. రెండో కాలు బల్ల మీద చాపి ఉంచాలి. చేసే కాలు తుంటి దగ్గర తొంభై డిగ్రీలు వంచి తొడని నిలువుగా నిలపండి, మోకాలు వదులుగా వేలాడాలి. కుడి కాలైతే బల్లకి కుడి పక్కన, పేషెంట్ తల వైపు తిరిగి నిలబడండి. బల్ల వైపు చేయి తొడ వెనక, రెండో చేయి మడమ కింద. బాగున్న కాలు ముందు చూడండి. ఇది నా దగ్గర నియమం. అసలు ఎంత రావాలో చేతికి తెలియకుండా ఎంత రావట్లేదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి, బ్యారియర్ పట్టుకోవడం. పుస్తకంలో రెండు లైన్లలో ఉంటుంది. చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

బావిలో చేద వేసి తోడేటప్పుడు గుర్తుందా? ముందు వదులు తాడు చేతిలోకి ఊరికే వచ్చేస్తుంది. ఒక చోట నీళ్ల బరువు తాడుకి తగులుతుంది, చేద ఇంకా లేవదు. ఆ తగిలిన క్షణమే బ్యారియర్. మడమని మెల్లగా పైకి తీసుకెళ్తూ మోకాలు చాపండి. కాలు బరువు తప్ప ఇంకేమీ తెలియని దశ ఉంటుంది. ఆ తర్వాత తొడ వెనకున్న అరచేతి కింద కండరం రవ్వంత గట్టిపడుతుంది. అక్కడ ఆగండి. పేషెంట్ ‘ఆ, లాగుతోంది’ అనేదాకా వెళ్లారంటే దాటేశారు. పేషెంట్ చెప్పకముందే మీ చేయి చెప్పాలి.

మాట పైకి రాకపోయినా దాటేసిన గుర్తులు కనిపిస్తాయి. తొడ నిలువు నుంచి పాదం వైపు జారుతుంది. పిరుదు బల్ల మీంచి లేస్తుంది. రెండో మోకాలు వంగుతుంది. ఊపిరి బిగుస్తుంది, కనుబొమలు దగ్గరవుతాయి. వీటిలో ఒక్కటి కనిపించినా వెనక్కి రండి. నా జూనియర్లలో ఎక్కువమంది చూపు గోనియోమీటర్ మీదే ఉంటుంది, పేషెంట్ మొహం చూడరు.

సాధన ఇలా చేయండి. తోటి విద్యార్థి కాలు తీసుకుని, కళ్లు మూసుకుని బ్యారియర్ దగ్గర ఆగండి. ఇంకొకరు కోణం కొలిచి, మీకు చెప్పకుండా రాసుకోవాలి. పదిసార్లు చేయండి, చూసుకోండి. ఐదు డిగ్రీల తేడాలోపు రానంతవరకు పేషెంట్ మీద చెయ్యొద్దు. వీడియోలు చూసి ఇది రాదు, ఎందుకంటే వీడియోలో ఈ తగలడం కనిపించదు.

చాలా రోజులుగా బిగుసుకున్న కండరమైతే బ్యారియర్ కన్నా కాస్త ముందే ఆగి మొదలుపెడతాను. ఈ మధ్యే పట్టేసినదైతే సరిగ్గా బ్యారియర్ దగ్గర.

ఇక బిగించడం. మడమ దగ్గర కాలిని మీ భుజం మీద ఆనించుకోండి. ‘నా భుజాన్ని మడమతో కొద్దిగా కిందికి నొక్కండి, నేను కదలను’ అనండి. ‘తొయ్యండి’ అనే మాట వాడకండి. మనవాళ్లకి తొయ్యమంటే ఆగిపోయిన బస్సు తోసినట్టే తోస్తారు. ఎంత బలం? ఐదో వంతు. నేను ‘మీ బలం రూపాయి అయితే పావలా కూడా వద్దు’ అంటాను, పెద్దవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కుర్రాళ్లకి పావలా తెలియదు, బరువు చూసే మిషన్ మీద చెయ్యి పెట్టి మూడు నాలుగు కిలోల దాకా నొక్కమంటాను, ఆ తేలికదనం చాలు.

ఈ పాఠం నాకు ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ నేర్పారు. కొత్తలో ‘ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా’ అని ఉత్సాహపరిచాను. తొడ వెనక కండ పట్టేసి ఆయన బల్ల మీద మెలికలు తిరిగిపోయారు. మర్నాడు రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఏడు నుంచి పది సెకన్లు పట్టి ఉంచి ‘మెల్లగా వదిలేయండి’ అనండి. ఊపిరి లోపలికి, బయటికి. పూర్తిగా వదిలేదాకా కదపకండి. కాలు భుజం మీద బరువుగా పడితే వదిలినట్టు. అప్పుడు కొత్త బ్యారియర్ దాకా వెళ్లండి. చాలా రోజులుగా బిగుసుకున్న కండరమైతే ఆ కొత్త బ్యారియర్‌ని రవ్వంత దాటి అరనిమిషం ఉంచండి. ఇలా మూడు నుంచి ఐదుసార్లు. ఐదో సారికీ ఏమీ రాకపోతే ఆరోది చెయ్యొద్దు; మీరు పట్టుకున్నది బ్యారియర్ కాదు. నొక్కేటప్పుడే నొప్పి వస్తే ఎదురు కండరం వాడండి: పేషెంట్ మీ భుజాన్ని నొక్కడం మాని, మోకాలు మెల్లగా చాపబోతుంటే మీరు అడ్డుపట్టండి.

ఇది ఎందుకు పనిచేస్తుందని పరీక్షలో అడిగితే గాల్జీ టెండన్ ఆర్గన్ (కండరం చివర బిగుతుని పసిగట్టే నరాల భాగం) గురించి రాసి మార్కులు తెచ్చుకోండి. కండరం నిజంగా పొడవవడం కన్నా, సాగదీతని ఓర్చుకునే శక్తి పెరగడమే ఎక్కువని తర్వాతి పరిశోధనలు చూపించాయి. నాకు అదే నమ్మకంగా అనిపిస్తుంది, రెండు నిమిషాల్లో కండరం ఎలా పెరుగుతుంది మరి? పూర్తి బలంతో బిగించమనే పద్ధతులూ ఉన్నాయి. క్రీడాకారులకి సరే. కింద కూర్చుని లేవలేని అరవై ఏళ్లామెకి వద్దు. ‘కరెంట్ పెట్టరా?’ అని అడిగేవాళ్లుంటారు. కరెంట్ పెట్టినంతసేపు మీ చెయ్యి ఖాళీ, పేషెంట్ కండరం ఖాళీ.

అయిపోయాక మళ్లీ కొలవండి. తర్వాత లేపి నిలబెట్టి, ముందుకు వంగి లేవమనండి, నాలుగడుగులు వేయించండి. కొత్తగా వచ్చిన కదలికని వెంటనే వాడకపోతే సాయంత్రానికి పోతుంది. ఫైల్లో ‘ఎంఈటీ చేయబడింది’ అని ఒక్క ముక్క రాసి పెట్టకండి. ఏ కండరం, ఏ కోణం నుంచి ఏ కోణానికి, ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు. రేపు మీరు సెలవు పెడితే ఆ కాలు ఇంకొకరి భుజం మీదికి వెళ్తుంది.