చిల్లర సంపాదనను ఆదాయంగా రాసే పద్ధతి: మూడవ పాఠం

గత పాఠంలో ఒక నోటుబుక్కు తీసుకుని, చేతికి వచ్చిన ప్రతి రూపాయిని ఎడమ పేజీలోనూ, ఆ రూపాయి కోసం పెట్టిన ఖర్చును కుడి పేజీలోనూ రాయాలని చెప్పుకున్నాము. ఆ నోటుబుక్కును ఎదురుగా పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఈసారి నేర్చుకోవలసింది ఆ చిల్లర పద్దులన్నిటినీ కలిపి, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవలో ఇచ్చే దరఖాస్తులో ధైర్యంగా రాయగల ఒక్క అంకెగా మార్చడం.

ముందుగా భయం సంగతి. ఆసరా పింఛను తీసుకునేవారిలో, రేషన్ కార్డు మీద సన్నబియ్యం తెచ్చుకునేవారిలో చాలామందికి ‘కైకిలికి (కూలికి) పోతున్నానని చెబితే ఉన్నది ఊడుతుందేమో’ అన్న బెరుకు ఉంటుంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు వచ్చినవారు ఆదాయం అడిగినప్పుడు ‘ఏమీ లేదు’ అని చెప్పించింది ఈ బెరుకే. అయితే రేషన్ కార్డుకు, అంటే ఆహార భద్రతా కార్డుకు, మన తెలంగాణలో పెట్టిన హద్దు పల్లెల్లో కుటుంబానికి ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. భూమి విషయంలో తరి (మాగాణి) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాలు మించకూడదు. ఈ అంకెల పక్కన మీ నోటుబుక్కులోని అంకెను పెట్టి చూసేదాకా భయపడవలసిన పని ఉందో లేదో తేలదు. పెట్టి చూసిన తరువాత ఎక్కువ ఇళ్లలో లేదనే తేలుతుందని నా అభిప్రాయం. తేలని ఇళ్లు కూడా కొన్ని ఉంటాయి. వాటి దగ్గరికి చివరలో వస్తాను.

ఒక గీత మాత్రం గుర్తుంచుకోండి. మన దగ్గర ఆదాయం పెరిగిన కొద్దీ పింఛను కొద్దికొద్దిగా తగ్గే ఏర్పాటు లేదు. అర్హత ఉంటే పింఛను పూర్తిగా వస్తుంది, అర్హత పోతే మొత్తం పోతుంది. అందుకే అంకె సరిగ్గా రావడం ముఖ్యం. తక్కువ చేసి రాయడం ఎంత తప్పో, లెక్క తెలియక ఎక్కువ చేసి రాసుకోవడమూ అంతే నష్టం.

ఇప్పుడు లెక్కలోకి వద్దాము. ఉదాహరణ కోసం గీసుగొండ మండలంలోని ఒక పల్లెలో వితంతు పింఛను పొందుతున్న ఒక తల్లిని ఊహించుకుందాము. అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. 2025 ఏప్రిల్ నుండి 2026 మార్చి దాకా ఒక ఏడాదిగా తీసుకుంటున్నాను. ఎందుకంటే ఉపాధి హామీ రేటు కూడా 2025 ఏప్రిల్‌లోనే మారింది, ఒకే కొలతతో అన్నిటినీ కొలవడం తేలిక.

ఆమె ఉపాధి హామీ పనికి నలభై ఎనిమిది రోజులు వెళ్లింది. 2025-26లో తెలంగాణలో రోజుకూలి 307 రూపాయలు కాబట్టి 14,736 రూపాయలు అని గుణించి రాయడం మొదటి తప్పు. ఆ కూలి చేసిన పని కొలతను బట్టి వస్తుంది, ఎండాకాలంలో నేల గట్టిపడ్డప్పుడు రోజుకు అంత పడదు. ఖాతాలో జమ అయినది 12,940 రూపాయలు అయితే అదే ఆదాయం. పాసుబుక్కులో ప్రింటు వేయించుకుంటే అంకె అక్కడే దొరుకుతుంది.

ఎకరంన్నర చెలకను (మెట్ట భూమిని) కౌలుకిచ్చింది, 15,000 రూపాయలు వచ్చాయి. ఇందులో చెప్పవలసినది లేదు.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో తొడిమెలు తీయడానికి ముప్పై ఆరు రోజులు పోయింది, రోజుకు సగటున 350 రూపాయల చొప్పున 12,600 రూపాయలు చేతికొచ్చాయి. ఈ పనిలో డబ్బు వారంవారం వస్తుంది, కొన్నిసార్లు మేస్త్రీ దగ్గర ఆగుతుంది. రావలసింది వేరు, వచ్చింది వేరు. వచ్చినదే రాయండి, ఆగినది వచ్చిన నెలలో రాయండి. ఆటో కిరాయిని కూలి నుండి తీసివేయవచ్చా అని కొందరు అడుగుతారు. నేనైతే కూలిని కూలిగానే పూర్తిగా రాస్తాను. వ్యాపారంలో పెట్టుబడి తీసివేయడం దరఖాస్తు మీద విచారణకు వచ్చిన గిర్దావర్‌కు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు) వెంటనే అర్థమవుతుంది, కూలిలో కిరాయి తీసివేస్తే అనవసరమైన వాదన మొదలవుతుంది.

కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి 19,200 రూపాయలు తీసుకుంది. దారం, హుక్కులు, లైనింగు గుడ్డ, మిషను రిపేరు కలిపి 4,300 రూపాయలు ఖర్చు. మిగిలినది 14,900 రూపాయలు. ఈ పనిలో ఉద్దెర ఎక్కువ, దసరాకు కుట్టించుకున్న జాకెట్టు డబ్బు సంక్రాంతికి ఇచ్చేవారు ప్రతి వాడలో ఉంటారు. ఉద్దెర పేర్లను నోటుబుక్కు చివరి పేజీలో విడిగా రాసుకోవాలి, ఎడమ పేజీలోకి తేకూడదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ తంగేడు, గునుగు పూలు కోసుకుని హనుమకొండలో అమ్మి 5,400 రూపాయలు తెచ్చింది, కిరాయికి 900 పోగా 4,500 మిగిలాయి.

ఇక మేడారం. ఈ పాఠంలో ఎక్కువమంది తడబడే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కొంత ఆగుదాము. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. 2026లో జనవరి 28 నుండి 31 దాకా జరిగింది. ఈ తల్లి తన అక్కతో కలిసి బంగారం (మన దగ్గర అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని అలాగే అంటాము), కొబ్బరికాయలు అమ్మే దుకాణం పెట్టింది. గిరాకీ అంతా ఆమె ఫోన్‌పే కోడ్ మీదికే వచ్చింది. ఖాతాలో 62,000 రూపాయలు కనిపిస్తున్నాయి. ఆ అంకెను చూసి కంగారుపడి కొందరు అసలు చెప్పకుండా దాస్తారు, ఇంకొందరు అమాయకంగా ఆ 62,000నే ఆదాయమని రాస్తారు. రెండూ తప్పే. బెల్లం, కొబ్బరికాయలు కొనడానికి 44,500 రూపాయలు, జాగా కిరాయికీ బండికీ 6,000 రూపాయలు పోయాయి. మిగిలిన 11,500లో సగం అక్కది. అక్కకు ఆమె పంపిన 5,750 రూపాయలకు ఫోన్‌లోనే ఆధారం ఉంది. కాబట్టి ఈమె ఆదాయం 5,750 మాత్రమే.

జాతర సొమ్ము రెండేళ్లకు ఒకసారి వచ్చేది కనుక సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు రాసుకోవచ్చని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. అది కుదరదు. ఏ ఏడాది చేతికి వచ్చిందో ఆ ఏడాదిదే. అయితే ఆ పద్దు పక్కన ‘జాతర ఏడాది’ అని రాసి పెట్టుకోండి, మరుసటి ఏడాది అంకె తగ్గినప్పుడు ఎవరైనా ఎందుకు తగ్గిందని అడిగితే సమాధానం అక్కడే ఉంటుంది. ఆ నాలుగు రోజుల టోకు బిల్లులను ఒక కవరులో పెట్టి నోటుబుక్కులోనే దాచండి. నోటిమాటతో చెప్పిన పెట్టుబడి విచారణలో నిలబడదు.

మొత్తం కూడదాము. 12,940, 15,000, 12,600, 14,900, 4,500, 5,750 కలిపితే 65,690 రూపాయలు. పల్లె హద్దు 1,50,000కు ఇంకా 84,310 రూపాయల దూరం ఉంది. ఖర్చులేవీ తీయకుండా, ఫోన్‌లో కనిపించినదంతా ఆదాయమనుకుని కూడితే అదే తల్లికి 1,27,140 రూపాయలు వచ్చి ఉండేవి.

ఖాతాలో పడినా ఆదాయం కానివి కొన్ని ఉంటాయి. మహిళా సంఘం నుండి తీసుకున్న అప్పు, చిట్టీ పాడుకుంటే వచ్చిన సొమ్ము, చుట్టం చేబదులు తిరిగి ఇచ్చినది ఈ కోవలోవి. వీటిని ఎడమ పేజీలో రాసి గుండ్రం చుట్టండి, కూడికలో కలపకండి. పింఛను డబ్బును కూడా వేరే వరుసలో పెట్టండి, ఈ తల్లికి నెలకు 2,016 చొప్పున ఆ ఏడాదికి 24,192 రూపాయలు. అధికారి అడిగితే పింఛనుతోనూ, పింఛను లేకుండానూ రెండు అంకెలు చూపగలగాలి.

దరఖాస్తులో భూమి, వ్యాపారం, కూలి, ఇతర మార్గాలు అని వేర్వేరు గడులు ఉంటాయి. కౌలు భూమి కిందికి, ఉపాధి హామీ, మిర్చి పని కూలి కిందికి, కుట్టుపని, పూలు, మేడారం దుకాణం వ్యాపారం కిందికి వస్తాయి. మీసేవలో కూర్చున్న అబ్బాయి ‘అందరికీ అరవై వేలే రాస్తాము, మీకూ అదే’ అంటే ఒప్పుకోకండి. నాకు ఒకచోట అలాగే రాశారు. తిరిగి దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. ఆ కాగితం మీద సంతకం మనది, కంప్యూటర్ ముందు కూర్చున్నవారిది కాదు. తెలిసి ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 212వ సెక్షన్ కిందికి వచ్చే నేరం.

ఇప్పుడు లెక్క తేలని ఇంటి సంగతి. అదే తల్లికి హనుమకొండలో ఒక దుకాణంలో నెలకు 9,000 రూపాయల జీతానికి పనిచేసే కొడుకు ఉన్నాడనుకోండి. కుటుంబ ఆదాయం 1,08,000 పెరిగి 1,73,690 అవుతుంది. పల్లెలో హద్దు దాటినట్టే. అదే ఇల్లు వరంగల్ నగరపాలక సంస్థలో కలిసిన మడికొండ వంటి చోట ఉంటే 2,00,000 లోపలే ఉంటుంది. కాబట్టి మీ ఇంటి చిరునామా ఏ హద్దు కిందికి వస్తుందో ముందే తెలుసుకోవాలి. కొడుకు పెళ్లయి వేరు పొయ్యి పెట్టుకుని నిజంగా విడిగా ఉంటే అతని పేరు తల్లి కార్డు నుండి తొలగించుకుని వేరే కుటుంబంగా నమోదు చేయించుకోవడం న్యాయమైన మార్గం. ఒకే గంజి తాగుతూ కాగితం మీద మాత్రం వేరు పడటం న్యాయం కాదు, గిర్దావర్ వాకిట్లో నిలబడి రెండు ప్రశ్నలు వేస్తే బయటపడుతుంది. నిజంగా హద్దు దాటిన ఇంటివారు ఆ మాట తహసీల్దార్ కార్యాలయంలో తామే చెప్పడం, తరువాత ఇంకొకరు చెప్పడం కంటే మేలని నేను అంటాను. రేషన్ కార్డుకు చూసే నిబంధనలు వేరు, ఆసరా పింఛనులో భూమి, పెద్ద వ్యాపారం, ప్రభుత్వ ఉద్యోగం వంటివి చూసే నిబంధనలు వేరు. కార్డు విషయంలో తేలిన మాటను పింఛనుకు కూడా అంటగట్టుకుని ఎవరూ అడగకముందే పింఛను వదులుకోకండి. పంచాయతీ కార్యదర్శిని అడిగి, మీ పేరు ఏ కారణంతో జాబితాలో ఉందో ముందు చూసుకోండి.

అభ్యాసం: మీ నోటుబుక్కులో ఖాతాలో పడినా ఆదాయం కాని పద్దులు ఎన్ని ఉన్నాయో గుండ్రాలు చుట్టి లెక్కించండి. ఆ తరువాత వ్యాపారం గడిలోకి వచ్చే ప్రతి పద్దుకూ ఖర్చు బిల్లు ఉందో లేదో చూసి, లేనిచోట పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో ఆ ప్రశ్న గుర్తులతో మొదలుపెట్టి, విచారణకు వచ్చినవారికి నోటుబుక్కును ఎలా చూపాలో నేర్చుకుందాము.