తప్పుదారి పట్టిన పిల్లలతో పనిచేసే కార్యక్రమం: హైదరాబాద్‌లో గుర్తింపు, స్థలం, నిధుల కోసం దరఖాస్తు విధానం

ఇడ్లీ బండి నడుపుకునే ఒకావిడ గ్యాస్ సిలిండర్ పోయింది. ఎత్తుకెళ్లింది అదే బస్తీలో ఉండే పదహారేళ్ల అబ్బాయి. అందరం గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చున్న రోజు ఆమె సిలిండర్ ఊసే ఎత్తలేదు. "మూడు దినాలు బండి పెట్టలే బిడ్డా. రాత్రి రుబ్బిన పిండంతా పులిసిపోతే మోరీల పారబోసిన. నీకెర్కనా అది?" అంది. సిలిండర్‌తో పాటు పిండి కూడా పోతుందని అబ్బాయికి అప్పటిదాకా తట్టనేలేదు. చాలాసేపు తల ఎత్తలేదు. వాళ్ల నాన్న కల్పించుకోబోతే చెయ్యి పట్టి ఆపి, నెలకు ఎంత చొప్పున కట్టగలడో తనే చెప్పాడు.

నష్టపోయిన మనిషి, నష్టం చేసిన పిల్లవాడు ఎదురెదురుగా కూర్చుని జరిగింది చెప్పుకోవడం, దాన్ని సరిచేసే దారి వాళ్లే ఒప్పుకోవడం. దీన్నే పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. మన పెద్దమనుషుల పంచాయితీకి దీనికి ఒక తేడా ఉంది. పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు, పిల్లవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇక్కడ పెద్దల పని ఆ ఇద్దరినీ మాట్లాడనివ్వడమే. 1974లో కెనడాలోని ఎల్మిరాలో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేస్తే, ప్రొబేషన్ అధికారి సూచన మీద జడ్జి వాళ్లను ఇంటింటికీ వెళ్లి నష్టపోయినవాళ్లను కలిసి రమ్మన్నాడు. ఆధునిక కోర్టుల్లో ఈ పద్ధతికి అదే మొదలని చెబుతారు. న్యూజిలాండ్ 1989లో పిల్లల కేసుల్లో కుటుంబ సమావేశాన్ని చట్టంలోనే పెట్టింది.

హైదరాబాద్‌లో ఇలాంటి కార్యక్రమం పెట్టాలనుకునే యువజన సంఘాలు, బస్తీ సంఘాలు అడిగే మొదటి ప్రశ్న: "జీహెచ్ఎంసీ నుంచి ఎంతొస్తుంది?" డబ్బు దరఖాస్తును చివరికి పెట్టుకోండి అని నేను గట్టిగా చెబుతాను. ముందు పిల్లల నేర కేసులు తేల్చే జువైనల్ జస్టిస్ బోర్డు దగ్గర గుర్తింపు, తర్వాత నగరపాలక సంస్థ దగ్గర స్థలం, ఆ రెండూ చేతికొచ్చాక డబ్బు. వరుస మారితే ప్రతి ఆఫీసులోనూ "మీ దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే మీ ఫైలు ఆగిపోతుంది.

చట్టంలో మీకు చోటెక్కడ

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండనివాళ్లందరూ దాని లెక్కలో పిల్లలే. పిల్లవాడి మేలుకో సమాజం మేలుకో అడ్డు కానంతవరకు, కోర్టు వ్యవహారం లేకుండానే కేసు తేల్చే మార్గాలను ప్రోత్సహించాలని 3వ సెక్షన్ చెబుతోంది. పిల్లవాడు తప్పు చేశాడని తేలాక బోర్డు ఏమేం చేయవచ్చో 18వ సెక్షన్‌లో ఉంది. మందలించి ఇంటికి పంపవచ్చు. గ్రూపు కౌన్సెలింగ్‌కు వెళ్లమనవచ్చు. మంచి నడవడిక షరతు మీద తల్లిదండ్రుల దగ్గరే ఉంచవచ్చు. బోర్డు గుర్తించిన సంస్థ లేదా వ్యక్తుల పర్యవేక్షణలో సమాజ సేవ చేయమనవచ్చు. ఈ చివరి మాటను ఆధారం చేసుకునే మీరు దరఖాస్తు రాయాలి.

సమాజ సేవ అంటే ఏమిటో 2016 నమూనా నియమాలు చెప్పాయి. 14 ఏళ్లు దాటినవాళ్లు పార్కు చూసుకోవడం, వృద్ధులకు సాయం, ఆస్పత్రిలో సాయం, ట్రాఫిక్ వాలంటీరుగా నిలబడటం వంటివి. మీ కార్యక్రమాన్ని ఈ మాటల్లోనే రాయండి. "పునరుద్ధరణ న్యాయ కేంద్రం" అని పెద్దక్షరాలతో బోర్డు కట్టుకోవడం కంటే "18వ సెక్షన్ కింద సమాజ సేవ, గ్రూపు కౌన్సెలింగ్ పర్యవేక్షణకు సంసిద్ధత" అని రాసిన ఒక్క లైనుకు విలువెక్కువ.

పిల్లవాణ్ని కొన్నాళ్లు మీ బాధ్యతలో ఉంచుకోవాలనుకుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు 51వ సెక్షన్ కింద ఫిట్ ఫెసిలిటీగా, అంటే పిల్లల బాధ్యత తాత్కాలికంగా తీసుకోదగిన చోటుగా, గుర్తింపు కావాలి. బోర్డు విచారణ జరిపి ఇస్తుంది, కారణం రాసి వెనక్కి తీసుకోనూ వచ్చు. కొత్త సంఘాలు అంత దూరం పోవద్దనే నా సలహా. పగటిపూట పనితో మొదలుపెట్టండి.

బోర్డుకు దరఖాస్తు

ముందు మీ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలంగాణలో సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నియమావళి, పాన్ కార్డు, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, ఆడిట్ చేయించిన లెక్కలు, కార్యవర్గ తీర్మానం కాపీ ఒక ఫైల్లో పెట్టుకోండి. నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదై యూనిక్ ఐడీ తెచ్చుకోండి. ఇది తర్వాత డబ్బు అడిగే ప్రతిచోటా పనికొస్తుంది.

దరఖాస్తు బోర్డు ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్ పేరు మీద రాయాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ఒక కాపీ జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు ఇచ్చి, రెండు కాపీల మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. విచారణ జరిగే రోజుల్లో పిల్లల్ని ఉంచే సైదాబాద్ అబ్జర్వేషన్ హోమ్ చుట్టుపక్కల పనిచేసే ప్రొబేషన్ అధికారులతో ముందే ఒకసారి మాట్లాడటం ఎంతో మేలు. పట్టుబడిన ప్రతి పిల్లవాడి కుటుంబం, చదువు, స్నేహాల మీద రెండు వారాల్లో బోర్డుకు నివేదిక ఇచ్చేది వాళ్లే. ఆ నివేదికలో "ఫలానా సంఘం దగ్గర సేవకు పంపవచ్చు" అని రాయాలంటే వాళ్లకు మీ మీద నమ్మకం కుదరాలి.

బోర్డు ముందుకు వెళ్లడమంటే కొందరికి టెన్షన్. నిబంధనల ప్రకారం అక్కడ ఎత్తు వేదిక ఉండకూడదు, పిల్లవాడితో సమానమైన ఎత్తులోనే కూర్చోవాలి. మీతోనూ మామూలుగానే మాట్లాడతారు. అడిగేవి సూటి ప్రశ్నలు: ఎవరు చూసుకుంటారు, ఎన్ని గంటలు, పిల్లవాడు రాకపోతే ఎవరికి చెబుతారు, ఆడపిల్లలైతే ఎవరుంటారు. జవాబులు కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. మూడు పేజీలు దాటొద్దు.

మేం మొదటిసారి చేసిన తప్పు చెబుతాను. మా పని ఎంత బాగుందో చూపించాలన్న ఆరాటంలో, పార్కులో మొక్కలకు నీళ్లు పోస్తున్న ఇద్దరు పిల్లల ఫొటో దరఖాస్తుకు జతచేశాం. కింద పేర్లు కూడా రాశాం. ఒక అధికారి ఆ పేజీ చించి నా చేతికిచ్చి, "వీళ్లు రేపు ఉద్యోగానికి పోతే ఈ కాగితం అడ్డొస్తే ఎట్లా సార్?" అన్నారు. చట్టంతో ఘర్షణ పడిన పిల్లల పేరు, ఫొటో, చిరునామా, బడి బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రోజు నుంచి మా దగ్గర ప్రతి పిల్లవాడికీ ఒక నంబరే. పైన చెప్పిన అబ్బాయి ఏ బస్తీవాడో రాయనిదీ అందుకే.

ఏ కేసులు తీసుకోవాలి, ఏవి వద్దు

దరఖాస్తులో ఇది తప్పకుండా రాయండి. మూడేళ్ల వరకు శిక్ష పడే చిన్న నేరాలతో మొదలుపెట్టండి: చిల్లర దొంగతనాలు, కొట్లాటలు, అద్దాలు పగలగొట్టడాలు. లైంగిక నేరం ఉన్న ఏ కేసునూ ఎదురెదురు కూర్చోబెట్టే పద్ధతిలోకి తేవద్దు. మాటల మధ్యలో ఏ బిడ్డ అయినా తన మీద అలాంటిది జరిగిందని చెబితే, పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం మీ విధి. అక్కడ గోప్యత మాట వర్తించదు.

నష్టపోయినవాళ్ల మీద ఒత్తిడి పెట్టొద్దు. వాళ్లను ముందు విడిగా, వాళ్లింటికే వెళ్లి కలవండి. "రాను" అంటే అక్కడితో ఆపేయండి. ఇడ్లీ బండి ఆవిడ మా దగ్గరికి రావడానికి మూడు వారాలు పట్టింది. మేం రెండుసార్లే వెళ్లాం, మూడోసారి ఆమే ఫోన్ చేసింది.

ఇంకో మాట. బస్తీలో మనం మాట్లాడి సర్దేసినంత మాత్రాన కేసు పోదు. ఒప్పందం కాగితం ప్రొబేషన్ అధికారి ద్వారా బోర్డుకు చేరాలి. తేల్చేది బోర్డే. విచారణకు నాలుగు నెలల గడువు ఉంటుంది, రెండు నెలలు పొడిగించవచ్చు. మీ సమావేశాల తేదీలు ఆ గడువును చూసి పెట్టుకోండి.

నగరాన్ని స్థలం అడగండి

బోర్డు లేఖ వచ్చాక జీహెచ్ఎంసీ సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. నగదు అడగొద్దు. కమ్యూనిటీ హాలు శనివారం సాయంత్రం రెండు గంటలు అడగండి, పార్కులో పని అడగండి. హాలు, పార్కు వాళ్ల చేతిలో ఉన్నవే కాబట్టి ఈ కోరిక మీద నిర్ణయం తీసుకోవడం వాళ్లకూ తేలిక. బస్తీ మహిళా సంఘాలతో పనిచేసే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగానికి కూడా కాపీ ఇవ్వండి. ఆ విభాగం వాళ్లకు బస్తీలు ఇల్లిల్లూ తెలుసు. జవాబు రాకపోతే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, పాత దరఖాస్తు నంబరు దాని మీద రాయండి. బడ్జెట్‌లో పద్దు కోరే ఆలోచన ఉంటే డిసెంబరులోపే రాయండి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలయ్యాక రాసిన కోరిక మరుసటి ఏడాదికి పోతుంది.

డబ్బు

ముందు ఖర్చు రాసుకోండి. సమావేశం నడిపేవాళ్లకు గౌరవ వేతనం, పిల్లలకూ తోడొచ్చే తల్లికీ బస్సు చార్జీలు, చాయ్, బిస్కెట్లు, శిక్షణ, ఆడిట్ ఫీజు. బస్సు చార్జీలను చిన్న ఖర్చనుకుని వదిలేయొద్దు. రోజు కూలి మానుకుని వచ్చే తల్లి రెండోసారి రాకపోవడానికి చాలాసార్లు అదే కారణం. నష్టపరిహారం మాత్రం ఈ నిధిలోంచి కట్టొద్దు. అది పిల్లవాడు, అతని కుటుంబం కట్టుకోవాల్సింది.

పిల్లల సంరక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య పథకంలో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 శాతం. జిల్లా యూనిట్ ప్రణాళిక రాష్ట్రానికి, రాష్ట్ర ప్రతిపాదన కేంద్రంలోని ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డుకు వెళుతుంది. అందులో డబ్బు ఎక్కువగా హోమ్‌లకు, ఓపెన్ షెల్టర్లకు, స్పాన్సర్‌షిప్ (సొంత కుటుంబంలోనే పెరిగే పిల్లలకు నెలసరి సాయం), ఫోస్టర్ కేర్ (వేరే కుటుంబంలో పెంపకం), ఆఫ్టర్ కేర్‌కు (హోమ్ వదిలిన పెద్ద పిల్లలకు ఆసరా) పోతుంది. కాబట్టి మీ కార్యక్రమాన్ని జిల్లా ప్రణాళికలో చేర్చమని జిల్లా బాలల సంరక్షణ అధికారిని లిఖితపూర్వకంగా కోరండి. కుటుంబం సంగతి వేరుగా చూడండి. తల్లి వితంతువో, తండ్రి మంచాన పడ్డాడో అయితే, కుటుంబ ఆదాయం నగరంలో ఏడాదికి 96,000 రూపాయలు మించకపోతే, నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు ఆ ఇంటి పిల్లల పేరిట దరఖాస్తు పెట్టించండి. మీ కార్యక్రమం మొత్తం కంటే ఆ 4,000 ఒక్కోసారి ఎక్కువ పని చేస్తుంది.

రాష్ట్రం జువైనల్ జస్టిస్ నిధి పెట్టుకోవచ్చని 105వ సెక్షన్ చెబుతోంది. ఆ నిధి కింద సాయం కోరుతూ దాన్ని చూసే శాఖ డైరెక్టర్‌కు రాసే లేఖకు బోర్డు ఉత్తర్వు జతచేయండి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) సొమ్ము కావాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ, 80జి నమోదు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. కంపెనీకి రాసేటప్పుడు విద్య, వృత్తి నైపుణ్యాల కింద చూపించండి. కంపెనీల చట్టంలోని 7వ షెడ్యూల్‌లో ఆ పద్దులు ఉన్నాయి. పిల్లలతో ఫొటో దిగుతామని, వీడియో తీస్తామని కంపెనీ అడిగితే ఒప్పుకోవద్దు, డబ్బు పోయినా సరే.

డబ్బు వచ్చాక వేరే ఖాతాలో ఉంచి, ప్రతి బిల్లూ దాచి, ఆర్థిక సంవత్సరం ముగియగానే, ఇచ్చిన పనికే డబ్బు ఖర్చయిందని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వండి. అది ఇవ్వకుండా రెండో విడత రాదు. వార్షిక నివేదికలో ఎన్ని సమావేశాలు పెట్టారో రాస్తే చాలదు. కుదిరిన ఒప్పందాలెన్ని, వాటిలో చివరిదాకా నెరవేరినవెన్ని అన్నది రాయండి. నంబరు, ఒప్పందం తేదీ, పూర్తయిన తేదీ, నష్టపోయినవాళ్ల సంతకం. మా పుస్తకంలో సిలిండర్ కేసు వరుసలో ఆ నాలుగో గడిలో ఇడ్లీ బండి ఆవిడ వేలిముద్ర ఉంది. పక్కనే ఆమె చెప్పి రాయించింది: "పైసలు ముట్టినయ్. పొద్దుగాల బండి కాడికొచ్చి ఇడ్లీ తిని పొమ్మన్న."